100 కిలోన్యూటన్ల యంత్రంలో 10 కిలోన్యూటన్ల లోడ్ సెల్ ఎలా పాడైంది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, చదివే అందరికీ సందర్భం తెలియాలి కాబట్టి. మీ ల్యాబ్‌లో 100 కిలోన్యూటన్ల యూటీఎం, అంటే నమూనాలను లాగి, నొక్కి వాటి బలం కొలిచే యంత్రం ఉంది. సర్వో మోటారు, స్క్రూలతో నడిచే రకం. దానికి 10 కిలోన్యూటన్ల లోడ్ సెల్ (పడే బలాన్ని కొలిచే పరికరం) బిగించి, ప్లాస్టిక్ దిమ్మలకు కంప్రెషన్ పరీక్ష, అంటే నొక్కి చూసే పరీక్ష చేయబోయారు. ట్రైనీ జాగ్ బటన్ (పరీక్ష మొదలుపెట్టకుండా యంత్రాన్ని చేత్తో కదిపే బటన్) నొక్కి క్రాస్‌హెడ్‌ను, అంటే పైకీ కిందికీ కదిలే అడ్డ దూలాన్ని దింపుతుండగా పై ప్లేటు వచ్చి కింది ప్లేటును గుద్దింది. అప్పటినుంచి ఏమీ తగలకుండానే లోడ్ సెల్ 0.4 కిలోన్యూటన్లు చూపిస్తోంది. సాఫ్ట్‌వేర్‌లో 9 కిలోన్యూటన్ల పరిమితి పెట్టే ఉంది, కేటలాగులో ఓవర్‌లోడ్ రక్షణ ఉందని రాసి ఉంది, అయినా యంత్రం ఎందుకు ఆగలేదన్నది మీ మొదటి ప్రశ్న. ఇకపై ఏ పరిమితి ఎంత పెట్టాలన్నది రెండోది. ట్రైనీ చేత సంజాయిషీ రాయించమని పైవాళ్ళు అంటున్నారని చివర్లో రాశారు. ఆ సంగతికీ వస్తాను.

నేను 26 ఏళ్ళుగా లాగి తెంపే యంత్రాలు, నొక్కి పగలగొట్టే యంత్రాల మధ్యే పనిచేస్తున్నాను. నేను చూసిన లోడ్ సెల్ నష్టాల్లో మీకు జరిగిన రకమే అన్నిటికన్నా ఎక్కువ. పరీక్ష నడుస్తుండగా పాడైనవి నాకు తక్కువే గుర్తున్నాయి. పరీక్షకు ముందు సర్దుకునేటప్పుడు, పరీక్ష అయ్యాక క్రాస్‌హెడ్‌ను వెనక్కి తెచ్చుకునేటప్పుడు పాడైనవే ఎక్కువ.

కేటలాగు మాట అబద్ధం కాదు. కానీ ఆ రక్షణ దేనికోసం పెట్టారో చూడాలి. మోటారు డ్రైవులో టార్క్ హద్దు, అంటే మోటారు ఎంత బలంగా తిప్పవచ్చో చెప్పే హద్దు ఉంటుంది. ఫ్రేము, స్క్రూలు మోయగలిగినదానికి కాస్త పైన అది మోటారును ఆపేస్తుంది. నూనె పీడనంతో నడిచే హైడ్రాలిక్ యంత్రంలో అదే పని రిలీఫ్ వాల్వ్, అంటే పీడనం హద్దు దాటితే నూనెను వదిలేసే వాల్వ్ చేస్తుంది. మీ యంత్రంలో ఆ హద్దు 100 కిలోన్యూటన్ల పైన ఉంటుంది. 10 కిలోన్యూటన్ల లోడ్ సెల్ మీద 60 పడినా ఆ మోటారుకు అది పెద్ద శ్రమ కాదు. లారీకి నులక తాడు కట్టి లాగితే, తాడు తెగిన సంగతి లారీకి తెలియదు. చిన్న లోడ్ సెల్‌ను పెద్ద ఫ్రేముకు బిగించిన ప్రతిసారీ మనం చేస్తున్నది అదే. తప్పేమీ లేదు, అందరం చేస్తాం, యంత్రాలను తయారుచేసేదే అందుకు. కాకపోతే ఆ తాడుకు కాపలా విడిగా పెట్టాలి.

ఇక మీ 9 కిలోన్యూటన్ల పరిమితి. దాన్ని ఎక్కడ పెట్టారో ఒకసారి చూడండి. టెస్ట్ మెథడ్ లోపల, అంటే పరీక్ష ముగింపు షరతుల పేజీలో పెట్టి ఉంటే, అది స్టార్ట్ నొక్కాకే పనిచేస్తుంది. జాగ్ బటన్‌తో క్రాస్‌హెడ్‌ను కదుపుతున్నప్పుడు ఆ మెథడ్ నిద్రలో ఉన్నట్టే. ఎప్పుడూ మెలకువగా ఉండే పరిమితి వేరే చోట, లోడ్ సెల్ సెట్టింగుల్లోనో, యంత్రం సెట్టింగుల్లోనో ఉంటుంది. మీ సాఫ్ట్‌వేర్‌లో ఆ రెండూ వేర్వేరు పేజీలేమో చూసుకోండి.

ఇంకో అనుమానం గుర్తుల గురించి. చాలా యంత్రాల్లో లాగే బలం ప్లస్, నొక్కే బలం మైనస్. పై హద్దు +9 అని మాత్రమే పెట్టి, కింది హద్దు ఖాళీగా వదిలేస్తే, లోడ్ సెల్ మీద −30 పడినా లెక్క ప్రకారం అది 9 కన్నా తక్కువే. యంత్రం తనకు చెప్పిన మాట తప్పలేదు. రెండు వైపులా హద్దు పెట్టారా అన్నది ఇప్పుడే చూడండి.

అయితే ఈ రెండూ సరిగ్గా ఉన్నా మీ లోడ్ సెల్ బతికేదని నేను చెప్పలేను. అసలు కారణం కాలం. దీన్ని కాస్త నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే ఈ ఒక్క లెక్క మనసుకు ఎక్కితే మిగతా సెట్టింగులు వాటంతట అవే అర్థమవుతాయి.

లోడ్ సెల్ లోపల ఉండేది ఒక లోహపు దిమ్మ, దాని మీద అతికించిన స్ట్రెయిన్ గేజ్‌లు, అంటే దిమ్మ ఎంత నొక్కుకుపోయిందో పట్టుకునే సన్నని పట్టీలు. పూర్తి సామర్థ్యం దగ్గర ఆ దిమ్మ నొక్కుకుపోయేది చాలా కొద్ది. ప్లేట్లు, ఫ్రేము ఇచ్చే సాగు కూడా కలిపి, మీ అమరిక మొత్తం 10 కిలోన్యూటన్ల దగ్గర 0.25 మి.మీ. లొంగుతుందనుకుందాం. జాగ్ వేగం నిమిషానికి 500 మి.మీ. అనుకుందాం. అంటే సెకనుకు 8.3 మి.మీ. ఉక్కు ప్లేటు ఉక్కు ప్లేటును తాకిన క్షణం నుంచి లోడ్ సెల్ పూర్తి సామర్థ్యం చేరడానికి పట్టేది 30 మిల్లీసెకన్లు. చాలా లోడ్ సెల్‌ల డేటా షీట్లలో సురక్షిత ఓవర్‌లోడ్ 150 శాతం అని ఉంటుంది. అది 45 మిల్లీసెకన్లకే దాటిపోతుంది. మనిషి కంటి రెప్పపాటుకు 100 మిల్లీసెకన్లు పైనే పడుతుంది.

ఇప్పుడు కంట్రోలర్ వైపు నుంచి చూడండి. అది బలాన్ని చదవాలి, ఫిల్టర్ చేయాలి, హద్దుతో పోల్చాలి, మోటారుకు ఆపమని చెప్పాలి. మోటారు వెంటనే ఆగదు, స్క్రూలకూ క్రాస్‌హెడ్‌కూ ఉన్న ఊపు తగ్గాలి. రీడింగులో కంపనం తగ్గాలని ఎవరైనా ఫిల్టర్‌ను బాగా బిగించి ఉంటే ఆలస్యం ఇంకా పెరుగుతుంది. ఇక ట్రైనీ వైపు నుంచి చూస్తే, ప్లేట్లు తాకిన 'టక్' చప్పుడు విని బటన్ మీద నుంచి వేలు తీయడానికి ఎంత చురుకైన మనిషికైనా 200 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ లోపు క్రాస్‌హెడ్ దాదాపు 1.7 మి.మీ. కిందికి వచ్చి ఉంటుంది. 0.25 మి.మీ.కు 10 కిలోన్యూటన్లయితే 1.7 మి.మీ.కు 67. లోడ్ సెల్ అంతవరకూ అదే తీరులో నిలబడదు, మధ్యలోనే శాశ్వతంగా వంగిపోతుంది. కానీ 67 అయినా 100 లోపే కాబట్టి మోటారు టార్క్ హద్దుకు ఆ సంగతే పట్టదు.

ఇదే దెబ్బ నిమిషానికి 5 మి.మీ. వేగంలో తగిలి ఉంటే? పూర్తి సామర్థ్యం చేరడానికి 3 సెకన్లు పడుతుంది. సాఫ్ట్‌వేర్ హద్దు ప్రశాంతంగా ఆపేది, ట్రైనీ కూడా ఆపగలిగేది. అందుకే నేను మా కుర్రవాళ్ళకు మొదటి రోజే చెప్పే మాట: బలం హద్దు నెమ్మదిగా వచ్చే ప్రమాదానికి పనికొస్తుంది, వేగంగా వచ్చే ప్రమాదానికి స్థానం హద్దే దిక్కు. ఉక్కు మీద ఉక్కు పడకముందే, ఇంకా ఖాళీ ఉండగానే క్రాస్‌హెడ్‌ను ఆపాలి.

ఆ పని చేసేది మీ యంత్రం పక్కనే ఉంది. ఫ్రేము అంచున నిలువుగా ఒక సన్నని కడ్డీ, దాని మీద పైన ఒకటి, కింద ఒకటి చిన్న కాలర్లు ఉంటాయి. ఒక్కో కాలర్‌కు పక్కన చిన్న మర. క్రాస్‌హెడ్ నుంచి బయటికి వచ్చిన ముక్క ఆ కాలర్‌ను తాకగానే కడ్డీ కాస్త జరిగి లిమిట్ స్విచ్‌ను నొక్కుతుంది, మోటారు ఆగుతుంది. ఎన్ని ల్యాబ్‌లకు వెళ్ళానో, దాదాపు ప్రతిచోటా ఆ కింది కాలర్ కడ్డీ అట్టడుగున దుమ్ముపట్టి కూర్చుని ఉంటుంది. యంత్రం దించిన రోజు సర్వీసు ఇంజనీరు ఎక్కడ వదిలాడో అక్కడే. మర తుప్పుపట్టి ఉంటుంది. మీది కూడా అలాగే ఉందేమో వెళ్ళి చూడండి. కాలర్ పోయి ఉంటే కంపెనీ నుంచి తెప్పించే దాకా ఆగకండి. కడ్డీ వ్యాసం కొలిచి ఇస్తే బాలానగర్‌లోనో, ఆటోనగర్‌లోనో ఏ లేత్ షాపులోనైనా ఒక పూటలో చేసిస్తారు.

పెట్టే పద్ధతి ఇది. నమూనా ఎత్తు ముందు తెలుసుకోండి. ప్లాస్టిక్ కంప్రెషన్‌కు ఎక్కువగా వాడే దిమ్మ 12.7 మి.మీ. చదరం, 25.4 మి.మీ. ఎత్తు. దాన్ని పాతిక శాతం నొక్కినా ప్లేట్ల మధ్య 19 మి.మీ. మిగులుతుంది. కాబట్టి ప్లేట్ల మధ్య 10 మి.మీ. ఉండగా ఆగేలా కింది కాలర్ బిగిస్తే పరీక్షకు అడ్డం రాదు, ప్లేట్లు ఎప్పటికీ కలవవు. మొదట తక్కువ వేగంలో కాలర్ దాకా దింపి ఎక్కడ ఆగిందో స్కేలుతో కొలవండి. తర్వాత జాగ్ పూర్తి వేగంలో దింపి మళ్ళీ కొలవండి. రెండింటికీ ఉన్న తేడాయే మీ యంత్రం అదనంగా జారే దూరం. దాన్ని కాగితం మీద రాసి ఫ్రేముకు అతికించండి. నేను ఆ దూరం మీద కనీసం మరో 5 మి.మీ. వదులుతాను. ఫిక్స్చర్ (నమూనాను పట్టే ప్లేట్లు, బిగింపుల సెట్టు) మార్చిన ప్రతిసారీ, ప్లేట్ల మందం మారుతుంది కాబట్టి, కాలర్ స్థానం కూడా మళ్ళీ చూడాలి. ఇది మరిచిపోవడం తేలిక. మా దగ్గర ఫిక్స్చర్ పెట్టెలోనే కాలర్ బిగించే అలెన్ కీ ఉంచుతాం. ఫిక్స్చర్ తీయాలంటే కీ చేతికి తగలాల్సిందే.

సాఫ్ట్‌వేర్‌లో కూడా స్థానం హద్దు పెట్టుకోవచ్చు, పెట్టండి. కానీ అది ఎన్‌కోడర్, అంటే క్రాస్‌హెడ్ ఎంత కదిలిందో లెక్కపెట్టే పరికరం ఇచ్చే అంకె మీద నడుస్తుంది. ఎవరైనా స్థానాన్ని మధ్యలో సున్నా చేస్తే హద్దు కూడా జరిగిపోయే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కడ్డీ మీది కాలర్‌ను ఎవరూ మౌసుతో జరపలేరు.

జాగ్ వేగం గురించి ఒక్క మాట. వేగాన్ని తగ్గించే సెట్టింగు దాదాపు అన్ని కంట్రోలర్లలో ఉంటుంది. ప్లేట్లు 50 మి.మీ. దగ్గరికి వచ్చాక నిమిషానికి 20 మి.మీ. దాటకూడదని మా ల్యాబ్‌లో నియమం. కాస్త ఆలస్యమవుతుంది, కానివ్వండి.

మీ పరీక్షకే వస్తే, లోడ్ సెల్ ఎంపిక కూడా నాకు నిబ్బరంగా అనిపించలేదు. మీ దిమ్మ కొలత రాయలేదు. 12.7 మి.మీ. చదరమే అయితే వైశాల్యం 161 చదరపు మి.మీ. ఒత్తిడి 60 మెగాపాస్కల్ (చదరపు మి.మీ.కు 60 న్యూటన్లు) చేరేసరికి బలం 9.7 కిలోన్యూటన్లు. గట్టి ప్లాస్టిక్‌లు చాలావరకు దాన్ని దాటుతాయి. పైగా సాగే ప్లాస్టిక్ కంప్రెషన్‌లో పగలదు. అడ్డంగా ఉబ్బుతూ, వైశాల్యం పెరుగుతూ, బలం అలా పెరుగుతూనే పోతుంది. 'పగిలితే ఆగు' అన్న షరతు అక్కడ ఎప్పటికీ నెరవేరదు. అందుకే అలాంటి పరీక్షకు మెథడ్‌లో కుదింపు శాతం మీద ఒక ముగింపు, బలం మీద ఒక ముగింపు, రెండూ ఉండాలి. ఏది ముందొస్తే అక్కడ ఆగాలి. నేను అనుకున్న గరిష్ఠ బలం లోడ్ సెల్ సామర్థ్యంలో 80 శాతం దాటుతుందనిపిస్తే పై సైజు లోడ్ సెల్ పెడతాను. మీ దగ్గర 100 కిలోన్యూటన్లది కూడా ఉంటుంది కాబట్టి, దాని కాలిబ్రేషన్ సర్టిఫికెట్‌లో కింది హద్దు ఎంత వరకు ధ్రువీకరించారో చూడండి. 10 కిలోన్యూటన్ల ప్రాంతం అందులో ఉంటే ఈ పరీక్షకు అదే వాడవచ్చు.

బలం హద్దులో అందరూ తప్పిపోయే చోటు ఒకటుంది. గ్రిప్పుల, అంటే లాగే పరీక్షలో నమూనాను పట్టుకునే దవడల బరువు. 500 న్యూటన్ల లోడ్ సెల్‌కు 12 కిలోల గ్రిప్పు వేలాడదీస్తే అప్పటికే 118 న్యూటన్లు దాని మీద ఉన్నాయి. సున్నా బటన్ నొక్కగానే తెర మీద 0 వస్తుంది, లోడ్ సెల్ మీది బరువు మాత్రం ఎక్కడికీ పోదు. ఇక 480 దగ్గర హద్దు పెట్టి లాగితే నిజంగా పడేది 598. హద్దు సున్నా చేసిన అంకెను చూస్తుందా, అసలు అంకెను చూస్తుందా అన్నది మీ యంత్రం సరఫరాదారును రాతపూర్వకంగా అడగండి. తేలేవరకు లోడ్ సెల్ సామర్థ్యం లెక్కలోంచి గ్రిప్పు బరువును మీరే తీసేసి హద్దు పెట్టుకోండి. కొత్త యంత్రాల్లో లోడ్ సెల్ కనెక్టర్‌లోనే దాని సామర్థ్యం చెప్పే చిప్ ఉంటుంది, బిగించగానే యంత్రం గుర్తుపడుతుంది. పాత వాటిలో మనమే జాబితా నుంచి ఎంచుకోవాలి. 10 బిగించి 100 అని ఎంచుకుంటే హద్దులన్నీ పదింతలు తప్పు.

అడ్డంగా పడే బలాన్ని ఏ హద్దూ పట్టుకోదు. దిమ్మ ప్లేటు మధ్యలో కాకుండా అంచున పెడితే, లోడ్ సెల్ మెలిపడుతుంది. తెర మీద 4 కిలోన్యూటన్లే కనిపిస్తూ లోపల దెబ్బతినవచ్చు. ప్లేట్ల మీద వృత్తాలు గీసి ఉండేది అందుకే.

లాగే పరీక్షలో మీరు రేపో మాపో ఎదుర్కొనే మరో ప్రమాదం ఆటో రిటర్న్, అంటే పరీక్ష అయ్యాక క్రాస్‌హెడ్ తనంతట తానే వెనక్కి రావడం. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏట ఒక లోడ్ సెల్ అలాగే పోయింది, ఆ రోజు ఇప్పటికీ గుర్తుంది. ఉక్కు నమూనా తెగింది. పరీక్ష అయిపోయిందని సాఫ్ట్‌వేర్ క్రాస్‌హెడ్‌ను మొదలుపెట్టిన చోటికి తనంతట తానే తెచ్చేసింది. తెగిన రెండు ముక్కలూ గ్రిప్పుల్లోనే ఉన్నాయి. తెగేముందు నమూనా సాగింది కదా, కాబట్టి రెండు ముక్కల పొడవు కలిపితే మొదటి పొడవు కన్నా ఎక్కువ. మొదటి చోటికి రావాలంటే అవి ఒకదాన్నొకటి పొడుచుకోవాలి. 16 మి.మీ. ఎఫ్‌ఈ 500డి రకం కాంక్రీటు కడ్డీనే తీసుకోండి. ఆ కడ్డీలకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం సాగుదల కనీసం 16 శాతం, సాగుదల కొలిచే గేజి పొడవు 80 మి.మీ., అంటే ఆ కాస్త చోటులోనే 12.8 మి.మీ. పెరుగుదల. రిటర్న్ వేగం పరీక్ష వేగానికి ఎన్నో రెట్లు. ఆ రోజు ముక్కల కొసలు కలిసిన చోట లోహం పుట్టగొడుగులా విచ్చుకుని కనిపించింది. మీ యంత్రంలో ఆటో రిటర్న్ ఆన్‌లో ఉంటే ఇప్పుడే ఆపేయండి. ముక్కలు తీశాక, చేత్తో బటన్ నొక్కి తెచ్చుకోండి.

గ్రిప్పు బిగించేటప్పుడు కూడా నమూనా మీద నొక్కుడు బలం వస్తుంది. సన్నని నమూనా ఆ దశలోనే వంగిపోతుంది. కంట్రోలర్‌లో నమూనా రక్షణ అన్న సదుపాయం ఉంటే వాడండి, బిగింపు సమయంలో బలం కొద్ది న్యూటన్లు దాటకుండా క్రాస్‌హెడ్‌ను అదే సర్దుతుంది. గాలితో బిగుసుకునే గ్రిప్పులైతే వేళ్ళ సంగతి చూసుకోవాలి. 6 బార్ గాలితో మూసుకునే దవడల మధ్య వేలు పడితే లోడ్ సెల్ హద్దులేవీ దాన్ని కాపాడవు. పెడల్ మీద కాలు పెట్టే మనిషి, నమూనా పట్టుకున్న మనిషి ఒక్కరే కావాలి. ఇద్దరు కలిసి చేసే చోటే నేను చూసిన వేలి గాయాలన్నీ జరిగాయి.

ఎమర్జెన్సీ స్టాప్ గురించి మీరు విడిగా అడగలేదు. కానీ 'ఎర్ర బటన్ ఉంది కదా' అన్న ధీమా మీ మాటల్లో కనిపించింది. ఎమర్జెన్సీ స్టాప్‌కు ఉన్న ప్రమాణం ఐఎస్ఓ 13850 దాన్ని మిగతా రక్షణలకు తోడుగానే చూస్తుంది, వాటి బదులు వాడుకోమని చెప్పదు. పైన లెక్క వేశాం, చేయి ఆ బటన్‌ను చేరేలోపు లోడ్ సెల్ పని అయిపోతుంది. ఆ బటన్ మనిషి కోసం. చున్నీ చిక్కుకుంటే, చేయి ఇరుక్కుంటే, యంత్రం చెప్పిన మాట వినకపోతే నొక్కడానికి. నెలకు ఒకసారి క్రాస్‌హెడ్ ఖాళీగా కదులుతుండగా నొక్కి చూడండి. బటన్ తిప్పి పైకి లేపగానే యంత్రం తనంతట తాను కదిలితే అది పెద్ద లోపం. విడిగా రీసెట్ చేసేదాకా కదలకూడదు.

హైడ్రాలిక్ యంత్రాల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ ల్యాబ్‌లు నడిచేది కడ్డీలు, కాంక్రీటు క్యూబ్‌ల మీదే. అక్కడ ప్రమాదం లోడ్ సెల్ కన్నా ఫ్రేముకు, మనుషులకు ఎక్కువ. ఒకసారి ఒక నిర్మాణ సంస్థ నుంచి వచ్చిన ఇంజనీరు 40 మి.మీ. కడ్డీలు తెచ్చి మా 600 కిలోన్యూటన్ల యంత్రంలో వేయమన్నారు. 40 మి.మీ. కడ్డీ వైశాల్యం 1257 చదరపు మి.మీ. ఎఫ్‌ఈ 500డికి తెగే బలం కనీసం 565 మెగాపాస్కల్, అంటే 710 కిలోన్యూటన్లు. కనీసమే అది. 'రిలీఫ్ వాల్వ్ మర కొంచెం బిగిస్తే సరిపోతుంది, ఇంకో చోట చేశారు' అన్నారాయన. ఆ మర మీద సీసపు సీలు ఉంటుంది. సీలు ఎందుకుందో ఆయనకు ఓపికగా చెప్పాను: ఆ వాల్వ్ వెనక ఇంకో కాపలా లేదు, దాని తర్వాత ఉన్నవి స్తంభాలు, సిలిండరు, పక్కన నిలబడిన మనుషులు. ఆయన నొచ్చుకుని వెళ్ళిపోయారు. 1000 కిలోన్యూటన్ల యంత్రం ఉన్న ల్యాబ్ చిరునామా ఇచ్చి పంపాను. మీ దగ్గరికీ అలాంటివారు వస్తారు. కడ్డీ చేతికి తీసుకోకముందే వైశాల్యాన్ని 650 మెగాపాస్కల్‌తో గుణించి చూసుకునే అలవాటు చేసుకోండి. 32 మి.మీ. కడ్డీకి అది 523 కిలోన్యూటన్లు వస్తుంది.

కాంక్రీటు క్యూబ్‌లను నొక్కే యంత్రంలో రామ్, అంటే నూనె పీడనంతో లేచే పిస్టన్, పైకి లేచే దూరం చాలా యంత్రాల్లో 50 మి.మీ. ప్రాంతంలోనే ఉంటుంది. క్యూబ్ మీద ఖాళీ ఎక్కువ వదిలి రామ్‌తో దాన్ని పూడ్చాలనుకుంటే, బలం పడకముందే రామ్ దారి అయిపోతుంది. సీలు చీలి నూనె చిమ్ముతుంది. ఖాళీని స్పేసర్ ప్లేట్లతో పూడ్చాలి. ఇక ఎం60 (చదరపు మి.మీ.కు 60 న్యూటన్ల బలమున్న రకం) కాంక్రీటు 150 మి.మీ. క్యూబ్ పగిలే బలం 1350 కిలోన్యూటన్లు. ఇంత బలం దగ్గర ఫ్రేము సాగదీసిన రబ్బరు బద్దలా శక్తిని దాచుకుని ఉంటుంది. 500 కిలోన్యూటన్ల దగ్గర, మిల్లీమీటరుకు 500 కిలోన్యూటన్ల దృఢత్వం ఉన్న ఫ్రేములో దాగే శక్తి 250 జౌల్స్. 25 కిలోల బియ్యం బస్తా మీటరు ఎత్తు నుంచి పడితే వచ్చేది దాదాపు అంతే. నమూనా పగిలిన క్షణంలో అదంతా ఒక్కసారి బయటికి రావాలి. అందుకే ముందు తలుపు ఉంటుంది, తలుపుకు ఇంటర్‌లాక్ స్విచ్, అంటే తలుపు తెరిచి ఉంటే యంత్రాన్ని నడవనివ్వని స్విచ్ ఉంటుంది. తలుపు మూసి ఉందని మోసం చేయడానికి ఆ స్విచ్‌కు అయస్కాంతం అతికించి, తలుపు తెరిచి ఉంచి పరీక్షలు చేస్తున్న ల్యాబ్‌ను నేను చూశాను. ప్రీస్ట్రెసింగ్ స్ట్రాండ్ (వంతెనలు, దూలాల కాంక్రీటులో బిగించే ఉక్కు తీగల తాడు) లాగుతున్నారు, 12.7 మి.మీ.ది, తెగేలోపు కనీసం 183.7 కిలోన్యూటన్లు మోయాల్సినది. ఏడు తీగల్లో ఒకటి ముందు తెగి, కొరడాలా విప్పుకుని, ఎదుటి గోడ సున్నం మీద జానెడు గీత పెట్టింది. రెండు నిమిషాల ముందు అక్కడ ఒకతను నిలబడి రీడింగు రాసుకుంటున్నాడు. నేను ఆ అయస్కాంతం పీకి నా జేబులో వేసుకుని వచ్చాను. అది ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది.

మళ్ళీ మీ లోడ్ సెల్ దగ్గరికి. 10 కిలోన్యూటన్ల మీద 0.4 అంటే పూర్తి సామర్థ్యంలో 4 శాతం సున్నా జరుగుడు. ముందు ప్లేటు, అడాప్టర్ అన్నీ విప్పి, లోడ్ సెల్ ఒక్కదాన్నే చూసి, ఆ 0.4 నిజమేనా తేల్చుకోండి. పూర్తి బలం దగ్గర, ఇచ్చిన ఒక్కో వోల్టుకు 2 మిల్లీవోల్టుల సంకేతం ఇచ్చే లోడ్ సెల్ అయితే 4 శాతం అంటే వోల్టుకు 0.08 మిల్లీవోల్టులు. ఈ అంకెను కొన్నప్పుడు వచ్చిన సర్టిఫికెట్‌లోని సున్నా విలువతో పోల్చండి. తేడా అంతే ఉంటే లోపలి దిమ్మ శాశ్వతంగా వంగిందని అర్థం. తెర మీద సున్నా బటన్ నొక్కి పని కొనసాగించమని ఎవరైనా సలహా ఇస్తారు. దయచేసి వద్దు. వంగిన దిమ్మ సున్నా ఒక్కటే తప్పు చూపించదు, బలంతో పాటు సరళంగా పెరగడం కూడా మానేస్తుంది, ఆ తప్పు ఏ బలం దగ్గర ఎంతో మీకు తెలియదు. పరీక్షా ల్యాబ్‌లకు ఉన్న ప్రమాణం ఐఎస్ఓ/ఐఈసీ 17025 కూడా ఈ విషయంలో సూటిగానే ఉంది. ఓవర్‌లోడ్ పడిన పరికరాన్ని వాడుక నుంచి తీసేసి, విడిగా ఉంచాలి లేదా స్పష్టంగా చీటీ అతికించాలి, సరిగ్గా ఉందని తేలేవరకు ముట్టుకోకూడదు. గుద్దుకున్న తర్వాత దానితో ఏవైనా పరీక్షలు చేసి రిపోర్టులు ఇచ్చి ఉంటే వాటిని వెనక్కి తీసుకోండి. ఇది ఇబ్బందే, కానీ ఆ రిపోర్టు నమ్ముకుని ఎవరో ఒకరు ఏదో ఒకటి తయారుచేస్తారు.

కొత్తది వచ్చాక ఐఎస్ఓ 7500-1 ప్రకారం, మన దగ్గర ఐఎస్ 1828 మొదటి భాగం, కాలిబ్రేషన్ చేయించండి. ఆ ఏజెన్సీ వాళ్ళు ఉండగానే హద్దులు కూడా పరీక్షించుకోండి. వాళ్ళ పనిలో అది భాగం కాదు, మీరే చేయాలి. మెత్తని రబ్బరు దిమ్మ ఒకటి ప్లేట్ల మధ్య పెట్టి, బలం హద్దు తాత్కాలికంగా 100 న్యూటన్లకు తగ్గించి, నిమిషానికి 5 మి.మీ. వేగంలో దించండి. 100 దగ్గర ఆగాలి. పరీక్ష నడుపుతూ ఒకసారి, జాగ్ బటన్‌తో ఒకసారి, అదే దిమ్మను లాగే గ్రిప్పులో పట్టించి ఒకసారి చేయండి. జాగ్‌తో చేసినప్పుడు ఆగకపోతే, ఆ రోజు మీ లోడ్ సెల్‌కు ఏమైందో కళ్ళారా చూసినట్టే. తర్వాత హద్దును అసలు విలువకు తిరిగి మార్చడం మరిచిపోకండి, మార్చినట్టు రిజిస్టరులో సంతకం ఉండాలి.

ఆ ట్రైనీ సంగతి. సంజాయిషీ రాయించకండి. కింది కాలర్ సరైన చోట లేదు, జాగ్ వేగం తగ్గించి ఉన్నట్టు లేదు, బలం హద్దు బహుశా జాగ్‌లో పనిచేయని చోట పెట్టి ఉంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఆ మనిషి చేతిలో లేదు, ఎవరూ నేర్పలేదు కూడా. పైవాళ్ళకు 30 మిల్లీసెకన్ల లెక్క కాగితం మీద వేసి చూపించండి, అర్థమవుతుంది. భయపడ్డ మనిషి రేపు చిన్న దెబ్బ తగిలితే మీకు చెప్పడు, తెర మీద సున్నా నొక్కి ఊరుకుంటాడు. కొత్త లోడ్ సెల్ వచ్చిన రోజు ఆ ట్రైనీ చేతికే అలెన్ కీ ఇచ్చి, కింది కాలర్ బిగింపజేసి, జాగ్ బటన్ అతని చేతే నొక్కించండి. ప్లేట్ల మధ్య 10 మి.మీ. ఉండగా క్రాస్‌హెడ్ ఆగుతుంది.